రేడియేషన్ అయ్యాక పెట్ స్కాన్‌కు తొందరెందుకు?

ప్రశ్న: నాన్నగారికి గొంతు క్యాన్సర్. రేడియేషన్, కీమో ముగిసి నెలైంది. మెడలో గడ్డ ఇంకా తగులుతోంది. పెట్ స్కాన్ మూడు నెలలకే అంటున్నారు. ఆలస్యం కాదా?
– ఒక పాఠకురాలు, అత్తిబెలె

జవాబు: కాదమ్మా. స్కాన్‌కు ముందు ఎక్కించే రేడియోధార్మిక గ్లూకోజును క్యాన్సర్ కణాలే కాదు, రేడియేషన్‌కు కమిలిన కండా పీల్చుకుంటుంది. ఇప్పుడే తీస్తే ఆ వాపే జబ్బులా వెలిగి, లేనిపోని బయాప్సీ దాకా లాక్కుపోవచ్చు. చచ్చిన కణాలు కరగడానికీ వ్యవధి కావాలి. బ్రిటన్‌లో 564 మందిపై జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, సగం మందికి 12 వారాలకు పెట్ సీటీ తీసి, అవసరమైతేనే మెడ ఆపరేషన్ చేశారు. ముందే ఆపరేషన్‌కు కేటాయించినవాళ్లతో సమానంగా బతికారు. ఎక్కువమందికి కత్తి తప్పింది.

షుగర్ ఉంటే స్కాన్ వాళ్లకు ముందే చెప్పండి. గడ్డ పెరిగితే మాత్రం మూడు నెలలు ఆగొద్దు, డాక్టరుకు చూపించండి. రక్తం పడినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లండి.