పొలము కావలికి కుక్కపిల్ల పెంపకము

పండిన చేనికి అడవిపందులు, గొఱ్ఱెల మందకు నక్కలు, కళ్లమునకు దొంగలు. ఈ మూడు బెడదలకును రైతు నమ్ముకొనినది కుక్కను. కాని అదే కుక్క కోళ్లను చంపుటయు, దారిన పోవువారిని కరచి తగవులు తెచ్చుటయు కలదు. ఈ భేదము చాలవరకు మొదటి నాలుగు నెలల పెంపకమున ఏర్పడును. నారుమడిలో జరిగిన లోపమును పొలములో దిద్దుకొనుట ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు.

ఎన్నిక: మన ఎండలకు నాటుకుక్క పిల్లయే మేలు. ఎనిమిది వారములు నిండువరకు తల్లి వద్దనే ఉంచవలెను. తోబుట్టువులతో ఆడుకొనునపుడే ఎంత గట్టిగా కరచిన నొప్పి కలుగునో పిల్ల నేర్చుకొనును.

తిండి: 3 నెలల వరకు రోజుకు 4 సార్లు, 6 నెలల వరకు 3 సార్లు, ఆ పైన 2 సార్లు పెట్టవలెను. ఒట్టి మజ్జిగ అన్నము చాలదు. సంకటి లేక అన్నముతో ఉడికించిన గ్రుడ్డు గాని, మాంసపు తునకలు గాని కలుపవలెను. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు పెట్టరాదు. అవి కుక్క రక్తమును చెరచును. ఉడికిన కోడి ఎముకలు చీలి ప్రేగులకు గ్రుచ్చుకొనును.

మచ్చిక: 3వ వారము మొదలు 14వ వారము వరకు పిల్ల వేనిని చూచునో, వానికి జీవితాంతము బెదరదు. గొఱ్ఱెలు, కోళ్లు, పసిపిల్లలు, ట్రాక్టరు చప్పుడు ఈ దినములలోనే అలవాటు చేయవలెను. టీకాలు పూర్తి కాకమునుపు వీధికుక్కలు తిరుగు చోట నేలపై దింపక, చంకన పెట్టుకొని చూపవచ్చును. పిల్ల కోళ్లను తరిమినచో ముచ్చటపడక వెంటనే ఆపవలెను.

శిక్షణ: "రా", "కూర్చో", "వద్దు" అను మాటలు చాలును. ఇంటిల్లిపాదియు అవే మాటలు వాడవలెను. ఒక్కొక్క పాఠము ఐదు నిమిషములకు మించరాదు. చెప్పినట్లు చేసిన తక్షణమే చిన్న తునక పెట్టవలెను. తినగానే, నిద్ర లేవగానే బయటకు తీసికొనిపోయినచో ఇల్లు పాడుచేయదు. ఎప్పుడో చేసిన తప్పునకు తరువాత కొట్టినచో దేనికి కొట్టితిరో దానికి తెలియదు. భయము మాత్రము మిగులును. భయపడిన కుక్కయే కరచును.

టీకాలు: రెండవ వారము నుండి ఎనిమిదవ వారము వరకు 15 రోజులకొకసారి, పిదప 6 నెలల వరకు నెలకొకసారి నులిపురుగుల మందు త్రాగించవలెను. పార్వో, డిస్టెంపరు టీకా 6–8 వారముల వయసున మొదలుపెట్టి, 16 వారములు నిండువరకు 3–4 వారములకొకటి చొప్పున వేయించవలెను. రేబిస్, అనగా పిచ్చికుక్క వ్యాధి టీకా 3 నెలలకు వేయించి, ఏటేట మరల వేయించవలెను. ఈ వ్యాధి లక్షణములు పొడసూపిన పిమ్మట మనిషి గాని, పశువు గాని బ్రతుకుట దాదాపు అసాధ్యము. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ ఈ టీకాను ఒక బాలునికి వేసెను. ఆ దినమున మన ఉభయ రాష్ట్రములలోను పలు పశువైద్యశాలలలో కుక్కలకు ఈ టీకా ఉచితముగా వేయుచుందురు.

ఏ కుక్క కరచినను పసుపు, కారము, సున్నము పూయరాదు. గాయమును ధారగా పడు నీటితో, సబ్బుతో 15 నిమిషములు కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోవలెను.

టీకా వేయించిన తేదీలను విత్తనము, ఎరువుల లెక్క వ్రాయు పుస్తకములోనే వ్రాసి ఉంచుకొనుడు. మరల వేయించవలసిన దినము అపుడు మరువరు.