హీటర్ ప్లగ్గు మరలకు కొంచెం మందు



మేము కొందరం ఈ హాస్టల్లో పదో తరగతి దాకా చదివి, తర్వాత ఐటీఐలో మెకానిక్ డీజిల్ కోర్సు నేర్చుకున్న వాళ్లం. మీలో కూడా కొందరు ఆ దారిలో వస్తారు. పుస్తకంలో ఒక్క వాక్యంలో దాటేసే ఒక చిన్న విషయం మాకు ఎంత పెద్ద పాఠం నేర్పిందో మీకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కుతుంది, చూసే ఉంటారు. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. 1897లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఇంజన్‌కు ఆధారం ఇదే. ఇందులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండర్లో గాలిని ఇరవై వంతుల్లో ఒక వంతు చోటుకు నొక్కితే, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. కానీ పుష్యమాసపు చలిలో తెల్లవారుజామున ఇనుమంతా చల్లబడి ఉంటుంది. పుట్టిన వేడిని అది లాగేసుకుంటుంది. అందుకే సుమోలు, 2005లో వచ్చిన టాటా ఏస్ లాంటి పాత బండ్లలో ప్రతి సిలిండర్‌కు ఒక హీటర్ ప్లగ్గు పెట్టారు. తాళం తిప్పగానే దాని కొస ఎర్రగా కాలుతుంది, ఇంజన్ అందుకుంటుంది. పుస్తకాల్లో దీన్నే గ్లో ప్లగ్ అంటారు.

ఈ ప్లగ్గు హెడ్డులో మరలతో బిగుస్తుంది. రోజూ కాగడం, చల్లారడం. కింద నుంచి మసి పేరుకుంటుంది, పైనుంచి తేమ దిగుతుంది. హెడ్డు అల్యూమినియందైతే ఇంకో చిక్కు. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. పైగా రెండు వేర్వేరు లోహాల మధ్య తేమ చేరితే తుప్పు తొందరగా పడుతుంది. కొన్నేళ్లకు ప్లగ్గూ హెడ్డూ అతుక్కుపోయి ఒకటే అయిపోతాయి.

మేము పని నేర్చుకునే రోజుల్లో ఒక చలి పొద్దున కూరగాయల ట్రాలీ ఒకటి మా షెడ్డుకు వచ్చింది. స్టార్ట్ కావడం లేదు. ప్లగ్గు మార్చాలి. పానా వేశాం, కదల్లేదు. పానాకు పైపు తొడిగి బలంగా లాగాం. టప్పుమని ప్లగ్గు విరిగి సగం లోపలే ఉండిపోయింది. ఇక హెడ్డు విప్పక తప్పలేదు. గంటలో అయ్యే పనికి మూడు రోజులు పట్టింది. ఆ అన్న బండి కిస్తీ కట్టాల్సిన వారం అది. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. షెడ్డు ముందు బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు మాకు ఇప్పటికీ గుర్తే.

తర్వాత ఉస్తాద్ చెప్పిన మాట: “ఇంతకుముందు బిగించినోడు కొంచెం మందు రాసి ఉంటే మీకు ఈ గతి పట్టకపోవు.”

ఆ మందే యాంటీ సీజ్ కాంపౌండ్. గ్రీజులో రాగి, నికెల్ వంటి లోహాల సన్నని పొడి కలిపి చేస్తారు. వేడికి గ్రీజు మాడిపోయినా పొడి మరల మధ్య పొరలా నిలిచి, రెండు లోహాలను అతుక్కోనివ్వదు. మామూలు గ్రీజు ఆ పని చేయదు, మాడి మసి అవుతుంది.

రాసే పద్ధతి ఇది:

1. ప్లగ్గు రంధ్రంలోని మసిని రీమర్‌తో శుభ్రం చేయాలి. రీమర్‌కు గ్రీజు రాస్తే మసి దానికే అంటుకుంటుంది, సిలిండర్లో పడదు.

2. మందు మరల మీద మాత్రమే పలుచగా రాయాలి. కాలే కొసకు, హెడ్డులో ఆనుకునే అంచుకు, వైరు తగిలే చోట అంటకూడదు. కరెంటుకు ఎర్త్ ప్లగ్గు ఒంటి నుంచే హెడ్డుకు అందుతుంది. అంచు శుభ్రంగా ఉంటేనే అది సరిగ్గా అంది, గాలి కూడా బయటికి పోకుండా ఉంటుంది.

3. ముందు చేత్తో తిప్పాలి, తర్వాతే టార్క్ రెంచ్. 8 మిల్లీమీటర్ల మరకు సుమారు 10, పదికి 15, పన్నెండుకు 22 న్యూటన్ మీటర్లు చాలు. 15 అంటే ఇరవై సెంటీమీటర్ల పానా చివర ఏడున్నర కిలోల బరువు వేలాడదీసినంత. మందు రాసిన మర సులువుగా జారుతుంది కాబట్టి, అదే బలానికి ఎక్కువ బిగుస్తుంది. అతిగా బిగించవద్దు. మందు వద్దని బండి కంపెనీ పుస్తకంలో ఉంటే రాయవద్దు. ఆఖరి మాట ఆ పుస్తకానిదే.

విప్పేటప్పుడు ఓపిక కావాలి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచాలి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు అల్యూమినియం రంధ్రం కొంచెం పెద్దదవుతుంది, అప్పుడు అటూ ఇటూ కొంచెం కొంచెం కదపాలి. 10 మిల్లీమీటర్ల ప్లగ్గు మీద 35 న్యూటన్ మీటర్లు దాటితే విరిగే ప్రమాదం ఉంది. అక్కడ ఆగాలి. పైపు మాత్రం తొడగవద్దు.

రాయికల్, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి పని కోసం గల్ఫ్‌కు పోయిన ఇళ్లు ఎన్నో. ఊళ్లో ఉన్నా, దేశం దాటినా మనకు అన్నం పెట్టేది చేతి పనే. మరలకు మందు రాస్తే ఈ రోజు బండిలో ఏ తేడా కనిపించదు. ఓనరుకు తెలియదు, మెచ్చుకునేవాళ్లూ ఉండరు. ఐదేళ్ల తర్వాత ఆ ప్లగ్గు మీద పానా వేసే పిల్లవాడికి మాత్రం తెలుస్తుంది. వాడు మీలో ఒకడు కావచ్చు.