పుస్తకాల ఖర్చు: అప్పుకు ముందే అంచనా

విత్తనాలు, ఎరువుల ఖర్చు లెక్క వేసుకొనిన పిదపనే పంట ఋణం కోరుతారు గదా! మీ బిడ్డ డిగ్రీ పుస్తకాల విషయంలోనూ అదే పద్ధతి పాటించండి. విద్యాఋణంలో పుస్తకాల వెలను చేర్చవచ్చును. కాని ఆ సొమ్ముపై వడ్డీ పడుతుందని మరువరాదు.

అధ్యాపకుల సలహాతో జాబితా వ్రాయించి మూడు భాగాలు చేయండి: గ్రంథాలయంలో దొరికేవి, పై తరగతి విద్యార్థుల వద్ద పాతవి కొనదగినవి, కొత్తవే కొనవలసినవి. మొత్తం వెల 6,000 రూపాయలనుకొందాం. అందులో 2,000 రూపాయలవి గ్రంథాలయంలో లభించి, మరో 2,000 రూపాయలవి సగం ధరకు దొరికితే, కావలసినది 3,000 రూపాయలే. ఋణంలో ఆ మేరకే కోరండి.

పాతవి కొనే ముందు సిలబస్ మారలేదని నిర్ధారించుకోండి. రసీదులు భద్రపరచండి. పరీక్షల అనంతరం పుస్తకాలను అమ్మగా వచ్చిన సొమ్మును మరుసటి సంవత్సరపు పుస్తకాలకే కేటాయించండి. తగ్గించిన ప్రతి రూపాయి రేపు మీ బిడ్డ తీర్చవలసిన బాకీలో తగ్గినట్లే.