సాయం చేస్తే చులకనైపోతామా?

ప్రశ్న: ఆసుపత్రి ల్యాబ్‌లో సూపర్‌వైజర్‌ని. హిజాబ్ వేసుకుంటాను, గట్టిగా మాట్లాడను. జూనియర్లకు దగ్గరుండి పని నేర్పుతాను. అయినా నాలో లీడర్ లక్షణాలు లేవంటున్నారు మా పై అధికారి. ఏం చేయాలి?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: గొంతు పెంచడమే నాయకత్వమనుకునేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారమ్మా. కానీ సేవ చేస్తూనే నాయకులైనవాళ్ళూ ఉన్నారు. మీ ఊరి మసూమా బేగం మహిళా సంఘాల్లో ఏళ్ళ తరబడి పనిచేశాకే 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రి అయ్యారు.

మీ చిక్కల్లా, మీ సాయం ఎవరి కంటా పడకపోవడమే. శాంపిల్ గడ్డకట్టిందని కొత్తమ్మాయి బెదిరిపోతే, పక్కన నిలబడి ట్యూబును మెల్లగా తిరగేసి కలపడం నేర్పారనుకోండి. ఆ నెలలో మళ్ళీ తీయాల్సినవి ఎన్ని తగ్గాయో లెక్క రాసి పైకి పంపండి. ఆమె పేరు ముందు, మీ పేరు తర్వాత.

రంజాన్‌లో ఇఫ్తార్ వేళకు డ్యూటీ మార్చమనడానికి మొహమాటం వద్దు. దీపావళికి తోటి ఉద్యోగుల బదులు మీరుంటారు కదా, రెండూ రోస్టర్‌లో రాయించండి. నోటిమాటగా వదిలేస్తే ఎవరికీ గుర్తుండదు.

అలాగని అందరి పనీ నెత్తినేసుకోకండి. తప్పు జరిగితే పక్కకు పిలిచి, నవ్వుతూ దాటవేయకుండా, సూటిగా చెప్పండి. ప్రమోషన్ మాటొచ్చినప్పుడు, మీ దగ్గర నేర్చుకుని సొంతంగా షిఫ్టు నడుపుతున్నవాళ్ళెవరో పేర్లతో సహా చూపించండి.