పాలపిట్ట: రూపం, నివాసం, గూడు

విజయదశమినాడు పాలపిట్టను చూడడం శుభమని తెలంగాణ ప్రాంతపు నమ్మకం. అక్కడి నుండి వచ్చి మన నగరంలో స్థిరపడిన కుటుంబాలు కూడా ఆ రోజున దీనికోసం వెతుకుతాయి. కర్ణాటకకు, తెలంగాణకు, ఒడిశాకు ఇదే రాష్ట్రపక్షి. ఆంగ్లేయుల కాలంలో దీనిని ‘బ్లూ జే’ అని పిలిచారు. అసలైన జే పక్షులు కాకి కుటుంబానివి. పాలపిట్ట లకుముకిపిట్టకు దగ్గరి చుట్టం. కన్నడిగులు వాడే ‘నీలకంఠ’ అనే పేరు కూడా పూర్తిగా అతకదు. దీని కంఠం గోధుమవన్నెలో, సన్నని తెల్లని చారలతో ఉంటుంది.

దాదాపు పావురమంత ఉండే ఈ పక్షి తీగపై కూర్చున్నప్పుడు చాలామంది గుర్తించకుండానే దాటిపోతారు. రెక్క విప్పగానే ముదురు నీలం, లేత నీలం పట్టెలుపట్టెలుగా బయటపడతాయి.

దట్టమైన అడవి దీనికి గిట్టదు. పొలాలు, బీళ్లు, ఊరి అంచుల ఖాళీ స్థలాలు దీని నివాసం. ఎత్తైన చోట కూర్చుని మిడతలను, పేడపురుగులను కనిపెట్టి కిందికి దూకుతుంది.

సాధారణంగా మార్చి నుండి జూన్ వరకు గూడు కాలం. అప్పుడు మగపక్షి కర్కశంగా అరుస్తూ పైకెగసి, గాలిలో దొర్లుతూ కిందికి జారుతుంది. వడ్రంగిపిట్టలా ఇది గట్టి మానును తొలవలేదు. ముసలిచెట్టు తొర్ర, తల విరిగిన తాటిమోడు, పాతగోడలోని రంధ్రం వంటి సిద్ధంగా ఉన్నదానినే వెతుక్కుంటుంది. లోపల కాస్త గడ్డి, నాలుగు ఈకలు ఉంటే ఉంటాయి, లేకుంటే లేదు. 3 నుండి 5 వరకు తెల్లని గుడ్లు పెడుతుంది. చీకటి తొర్రలో వాటికి రంగుతో పనేముంది! 17 నుండి 19 రోజులు పొదిగిన తరువాత, పిల్లలు ఎగరడానికి ఇంచుమించు మరో నెల పడుతుంది. అంటే ఆ మోడు ఏడు వారాలపాటు నిలిచి ఉండాలి.

కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం, 1976 ప్రకారం చాలా జాతుల చెట్లను నరకడానికి వృక్షాధికారి అనుమతి అవసరం. మనుషులపై కూలే ప్రమాదమున్న చెట్టు సంగతి వేరు. తక్కిన ఎండుమానుల విషయంలో, అనుమతి కోరే ముందే తొర్రలను పరికించి, పక్షులు వచ్చిపోతుంటే జూన్ దాటేవరకు ఆగండి.

దసరాకు ముందు కొన్నిచోట్ల పాలపిట్టలను పట్టి, పంజరంలో ఉంచి, రుసుముకు దర్శనం చేయిస్తారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఇది నేరం. పైగా రుసుమిచ్చినవారికి కనిపించేది రెక్కలు ముడుచుకున్న గోధుమరంగు పిట్టే. అటువంటి పంజరం కంటబడితే అటవీశాఖకు తెలపండి. పండుగనాటి ఉదయం నగరం అంచున ఉన్న పొలాల వైపు, కరెంటు తీగలను గమనిస్తూ నడిస్తే, ఎగిరే పాలపిట్ట కనబడే అవకాశం ఉంది.