నలుగురి పందెము

హిందూపురము నుండి పెనుకొండ మీదుగా ధర్మవరమునకు పోవు దారులలో ఉదయవేళ బాలబాలికలు సైకిళ్లపై బడికి పోవుచుందురు. ఆషాఢమాసమున గాలి యెదురైనపుడు వారి అవస్థ చూడవలెను! రామగిరి కొండలపై గాలిమరలను నిలిపినది ఈ గాలిని నమ్మియే కదా. అట్టి దినమున తెలివిగల పిల్లలొక ఉపాయము పన్నుదురు. బలము గలవాడు ముందు పోవును. తక్కినవారు అతని వెనుకనే వరుసగా సాగుదురు. అతడు అలసినపుడు మరియొకడు ముందునకు వచ్చును.

దీనికి కారణము కలదు. సైకిలు వేగము రెట్టింపయినచో గాలి యెదిరింపు నాలుగింతలగును. ముందువాడు గాలిని చీల్చుచుండగా, వెన్నంటి వచ్చువానికి శ్రమలో ఇంచుమించు నాలుగవ వంతు తగ్గును. గొప్ప గొప్ప దారి పందెములన్నియు ఈ సూత్రము మీదనే నడచుచున్నవి.

2010వ సంవత్సరము ఆగస్టు 14 నుండి 26 వరకు సింగపూరులో మొట్టమొదటి యువజన ఒలింపిక్ క్రీడలు జరిగినవి. అవి 14 మొదలు 18 ఏండ్ల వయస్సు గలవారికి ఏర్పడిన క్రీడలు. అందు సైకిలు పోటీకి ఒక వింత నియముండెను. ఏ ఒక్కరికిని విడిగా పతకము లేదు. పోటీచేయు దేశము ముగ్గురు బాలురను, ఒక బాలికను కూర్చి ఒకే జట్టుగా పంపవలెను.

పందెములు నాలుగు విధములు. మొదటిది గడియారముతో పోటీ. ఇందు ఒక్కొక్కరినే విడిచిపెట్టుదురు. ఒకరి వెనుక ఒకరు దాగుట పనికిరాదు. రెండవది కొండదారి పందెము. పెనుకొండ కోట చుట్టునున్న రాళ్ల బాటలు చూచినవారికి దానిని వర్ణింప నక్కరలేదు. మూడవది బి.ఎం.ఎక్స్. ఇరువది అంగుళముల చిన్న చక్రములతో, మట్టి దిబ్బల మీదుగా ఎగురుచు దుముకుచు పోవలెను. నిమిషము నిండకుండగనే ముగియును. నాలుగవది దారి పందెము. ఇది బాలురకు మాత్రమే.

బాలురు ముగ్గురు గనుక భారమును పంచుకొనవచ్చును. బాలికయో ఒక్కతెయే! నేడు గడియారముతో, మరునాడు రాళ్లతో, ఇంకొకనాడు దిబ్బలతో ఆమెయే పోరాడవలెను. మూడింటికిని మూడు రకముల సైకిళ్లు, మూడు రకముల నేర్పు. అందరి స్థానములను లెక్కించి జట్టు ఫలితము తేల్చుదురు గనుక, ఆమె ఒక మలుపున జారిపడినచో బాలుర కష్టము కూడ ఆమెతోపాటు నేలపాలగును. ఆమె నిలిచినచో నలుగురును నిలుతురు.

ఆ పోటీలో ఆండీస్ పర్వతముల దేశమైన కొలంబియా స్వర్ణమును, ఇటలీ రజతమును, నెదర్లాండ్సు కాంస్యమును గెలిచినవి.

2014లో చైనాలోని నాన్‌జింగ్ నగరమున బాలురకు, బాలికలకు ఇద్దరేసి గల వేరువేరు జట్లను ఏర్పరచిరి. న్యాయమునకు అదియే మేలు. ఒక బాలికకు బదులు ఇద్దరకు అవకాశము కలిగినది. అయినను సింగపూరు నియమమే నాకెక్కువ నచ్చినది. మన ఊళ్లలో సైకిలు జట్టు కూర్చుడనగా ముగ్గురు బాలుర పేర్లు ఇట్టే చెప్పుదురు. నాలుగవ పేరు దగ్గర ఆలోచింపవలసి వచ్చును.

హిందూపురము నుండి ఒకడు, పెనుకొండ నుండి ఒకడు, ధర్మవరము నుండి ఒకడు. మరి ఆ బాలిక యెవరు? ఎదురుగాలిలో వరుసకు ముందు నిలిచి బడికి వచ్చినవారిలో ఆమె యుండెనేమో రేపు ఉదయము చూడుడు.