శిబిరం ముగిశాక మొదలయ్యే పని

చిట్టీ,

జాతీయ సేవా పథకం (ఎన్నెస్సెస్)లో పేరు ఇవ్వాలా, ఆ సమయంలో ఇంకో కోర్సు చేసుకోవాలా అని అడిగావు. చేరమనే అంటాను. సర్టిఫికెట్ కోసం మాత్రం కాదు. కాలేజీలో చేసే స్వచ్ఛంద సేవ మనిషికి ఊరి వ్యవహారాన్ని పట్టించుకోవడం నేర్పగలదు. అయితే దానంతటది నేర్పదు. నువ్వు పెట్టిన గంటలు ఎన్ని అన్నదానికంటే, నువ్వు చేసిన ఆ పని అసలు ఎవరు చేయాల్సింది, వాళ్లెందుకు చేయలేదు అని కనుక్కోవడానికి ఎంత దూరం వెళ్లావన్నదే ముఖ్యం. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచింది ఇదొక్కటే. ఎందుకంటున్నానో కాస్త ఓపిగ్గా విను.

గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో దాదాపు 40 వేల మంది విద్యార్థులతో ఎన్నెస్సెస్ మొదలైంది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటల పని, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దాని పద్ధతి. శిబిరంలో ఏం జరుగుతుందో మీ సీనియర్లు చెప్పే ఉంటారు. బడిలో బస, పొద్దున్నే పారలు పట్టుకుని వీధిలోకి. మురుగు కాల్వలోంచి ప్లాస్టిక్ కవర్లూ నల్లటి బురదా ఎత్తి గట్టు మీద పోస్తారు. దాని వెంబడి బ్లీచింగ్ పౌడరు చల్లుతారు. బ్యానర్ పట్టుకుని ఫొటో దిగుతారు. ఎత్తిన బురదను తీసుకెళ్లే ట్రాక్టరు సంగతి ఎవరికీ పట్టదు. గట్టి వాన ఒక్కటి పడితే గట్టు మీదిదంతా మళ్లీ కాల్వలోకే. మరుసటి ఏడు ఇంకో బ్యాచ్ వచ్చి అదే బురద ఎత్తుతుంది.

ఆ శ్రమ వృథా అనను. స్వయంగా ఎత్తితే గాని ఆ మురుగు ఎవరి ఇళ్ల ముందు నిలుస్తోందో తెలియదు. అది ఎక్కువగా ఏ వాడలో నిలుస్తుందో చూసిన పిల్లలకు మన సమాజం గురించి ఏ పుస్తకమూ చెప్పలేనంత అర్థమవుతుంది. కానీ అక్కడితో ఆగిపోయినవాళ్లు రెండు తప్పుడు పాఠాలు నేర్చుకుని ఇంటికి వెళ్తారు. ఊరివాళ్లకు శుభ్రత తెలియదన్నది ఒకటి. దాన్ని చక్కదిద్దడం మంచి మనసున్నవాళ్ల పని అన్నది రెండోది. కాల్వకు వాలు సరిగ్గా పెట్టారా, చివర ఎక్కడ కలుస్తోంది, కట్టించినందుకు బిల్లు ఎంత చెల్లించారు, పారిశుధ్య కార్మికులకు జీతాలు అందుతున్నాయా? ఇవి అడగాల్సిన ప్రశ్నలు.

వీటికి జవాబులు దొరక్క కాదు. 2021 నుంచి 2026 దాకా పంచాయతీలకు ఇచ్చే గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే పోవాలని పదిహేనో ఆర్థిక సంఘం షరతు పెట్టింది. పంచాయతీ ప్రణాళికలూ ఖర్చులూ ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు. అక్కడ లేనిది సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో చేసిన నియమాల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుమే లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అప్పీలుకు వెళ్లొచ్చు. శిబిరంలో మీరు రాసే ఇంటింటి సర్వే కాగితాలు కాలేజీ బీరువాలో పడి ఉండకుండా గ్రామసభ ముందుకు వెళ్తే, ఆ ఊరివాళ్ల చేతికి ఒక ఆధారం దొరుకుతుంది.

ఇది జరిగే పనేనా అంటావేమో. మన దగ్గరే జరిగింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు వేలాదిమంది స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రిపూట పెద్దవాళ్లకు చదువు చెప్పారు. అక్షరాలు దిద్దించడంతో ఆగకుండా, చదివిన పాఠం మీద అందరూ కూర్చుని మాట్లాడుకునేవారు. తాగుడు వల్ల కూలిపోయిన సంసారం కథ చదివిన దూబగుంట అనే ఊరి ఆడవాళ్లకు అందులో తమ ఊరే కనిపించింది. సారా అమ్మకాలు ఆపించారు. 1992కల్లా ఆ సారా వ్యతిరేక ఉద్యమం జిల్లాను చుట్టేసింది, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు, అది వేరే కథ. వయోజనులకు ఓనమాలు నేర్పడమనే సాదా సేవ రాష్ట్ర రాజకీయాన్ని కదిలించేదాకా వెళ్లడానికి పాఠం తర్వాతి ఆ మాటలే కారణమని నా నమ్మకం.

ఇంకొకటి చూడు. 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. కూలీల కుటుంబాల్లోని చదువుకున్న యువతకు శిక్షణ ఇచ్చారు. వాళ్లు మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, ఈ పనికి నువ్వు వెళ్లావా, ఇంత కూలీ అందిందా అని అడిగి సరిచూశారు. తేలిన తేడాలను మండల కేంద్రంలో ప్రజావేదిక మీద, అధికారుల ఎదుట చదివారు. మస్టర్ చదవడం, కొలతల పుస్తకం చూడటం, పదిమందిలో లేచి మాట్లాడటం పౌరుడికి కావలసిన చేతిపనులు. నీ వయసువాళ్లు వాటిని నేర్చుకున్నారు.

అయినా ఒక గట్టి అభ్యంతరం ఉంది. సేవకు వచ్చేవాళ్లు ముందే అలాంటి స్వభావం ఉన్నవాళ్లు, సేవ వాళ్లను కొత్తగా మార్చిందేమీ లేదు అంటారు. తేలిగ్గా తీసెయ్యదగ్గ మాట కాదిది. దీన్ని తేల్చడానికి అమెరికాలో డగ్ మెక్ఆడమ్ అనే సామాజిక శాస్త్రవేత్త మంచి దారి పట్టాడు. 1964 వేసవిలో నల్లజాతివాళ్లను ఓటర్లుగా నమోదు చేయించడానికి కాలేజీ విద్యార్థులు మిసిసిపీ వెళ్లారు. వెళ్లిన 720 మంది దరఖాస్తులనూ, ఎంపికయ్యాక ఆగిపోయిన 239 మంది దరఖాస్తులనూ అతను పోల్చాడు. బయలుదేరేముందు ఆ రెండు గుంపుల ఆదర్శాల్లో పెద్ద తేడా లేదు. ఏళ్లు గడిచాక వాళ్లలో కొందరిని మళ్లీ పరిశీలిస్తే మాత్రం వెళ్లినవాళ్లే ప్రజాజీవితంలో ఎక్కువ చురుగ్గా కనిపించారు. అదే మెక్ఆడమ్ మరొకరితో కలిసి 2009లో ఇంకో అధ్యయనం ప్రచురించాడు. పేద బడుల్లో రెండేళ్లు పాఠాలు చెప్పే టీచ్ ఫర్ అమెరికా వాళ్లను పరిశీలించాడు. పూర్తిచేసినవాళ్ల మాటల్లో సమాజం పట్ల నిబద్ధత ఎక్కువగా ఉంది. చేతల్లో మాత్రం, మధ్యలో మానేసినవాళ్లకంటే, అసలు చేరనివాళ్లకంటే వెనకబడ్డారు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు తోచేది ఇది. మిసిసిపీలో విద్యార్థులు స్థానికుల ఇళ్లలో ఉన్నారు, ఉద్యమాన్ని నడిపిస్తున్న నల్లజాతి యువత చెప్పినట్టు పనిచేశారు, ఓటు నమోదు చేయని కార్యాలయం ఏదో కళ్లారా చూశారు. టీచ్ ఫర్ అమెరికాలో మనిషికో తరగతి గది, ఊపిరాడని పని. అన్యాయం కనిపిస్తుంది, దాని మీద పదిమందితో కలిసి ఏదైనా చేసే అలవాటు మాత్రం అబ్బదు. నేనిలా అన్వయించడం తప్పు కావచ్చు. కానీ సేవకు వెళ్తే చాలు, పౌరులైపోతారు అనేవాళ్లకు 2009 నాటి ఫలితం గట్టి హెచ్చరిక.

రెండో అభ్యంతరం నిన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. పిల్లలు ఉచితంగా చేసేస్తుంటే ప్రభుత్వం తన బాధ్యత వదిలించుకోదా అంటారు. వదిలించుకుంటుంది, అడిగేవాళ్లు లేకపోతే. తుపానొచ్చి ఇళ్లు మునిగినప్పుడు అన్నం పొట్లం ముందు, ప్రశ్న తర్వాత. మామూలు రోజుల్లో మాత్రం పారా, దరఖాస్తూ రెండూ కలిసి వెళ్లాలి. పార లేకుండా దరఖాస్తు ఒక్కటే పట్టుకుంటే ఊరివాళ్లు నీ మాట నమ్మరు. వాళ్ల పక్కన నిలబడి పనిచేసినవాళ్లు అడిగే ప్రశ్నకు ఉండే బరువు వేరు.

ఇక మీ నాన్న అనేది నాకు తెలుసు: చదువుకునే రోజుల్లో ఈ గొడవలెందుకు, ఎవరి కంట్లోనో పడతావు అని. ఆ భయం అర్థం లేనిది కాదు, ఆడపిల్లల విషయంలో మరీను. అందుకే ఒంటరిగా వెళ్లొద్దు, ప్రోగ్రాం ఆఫీసరుకు చెప్పకుండా వెళ్లొద్దు, ఊరివాళ్లే ముందు నడిచే పనిలో మాత్రమే చేరు. పంచాయతీ లెక్క అడగడం ఏ పార్టీ పనీ కాదని నాన్నకు నేను చెబుతాను. ఇలాంటివి కాలేజీలోనే నేర్చుకోవచ్చు అనుకుందామంటే, విద్యార్థి సంఘాల ఎన్నికలకు 2006లోనే లింగ్డో కమిటీ నియమాలు రాసిపెట్టినా, చాలా కాలేజీల్లో ఆ ఎన్నికలే లేవు. బాధ్యతగా వాదించడం, ఓడిపోయినా కలిసి పనిచేయడం నేర్చుకునే చోటు మీకు దాదాపు మిగల్లేదు. హాస్టల్లో మెస్ కమిటీ ఉంటే అందులో చేరు, చిన్నదని అనుకోకు. సరుకుల లెక్క నలుగురి ముందు గోడకు అంటించే అలవాటు అక్కడే మొదలుపెట్టొచ్చు.

నీకు 18 నిండాయి, ఓటరు జాబితాలో పేరుందో లేదో చూసుకో. లేకపోతే ఫారం 6 నింపు. ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి, జనవరి దాకా ఆగక్కర్లేదు. శిబిరం ఏ ఊళ్లో పడుతుందో తెలియగానే నాకు రాయి. బయలుదేరేముందే ఆ పంచాయతీ పద్దు తీసి ఇద్దరం కూర్చుని చదువుదాం, అక్కడ అడగాల్సినవి రాసుకుందాం.

మీ పెదనాన్న